వంట వేరు, వడ్డన వేరు: వెబ్‌సైటుకు స్టైల్ షీట్ ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న చిన్న తెలుగు సైట్లు నడిపేవాళ్లకు నేను అప్పుడప్పుడు సాయం చేస్తుంటాను. కథల పత్రిక కానీ, కాలనీ సంఘం కానీ, గుడి కమిటీ కానీ, పచ్చళ్ల వ్యాపారం కానీ, అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఇవే. ప్రతిసారీ ఫోన్లో చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. స్టైల్ షీట్‌లో రాసే సీఎస్ఎస్ ఆదేశాల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను కానీ కోడ్‌లో వాటిని ఇంగ్లీషులోనే టైపు చేయాలి.

అసలు స్టైల్ షీట్ అంటే ఏమిటి?

పేజీలో ఏముందో చెప్పేది హెచ్‌టీఎంఎల్. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది బొమ్మ అని. అవన్నీ తెర మీద ఎలా కనబడాలో చెప్పేది స్టైల్ షీట్. శీర్షిక ఏ రంగు, పేరాకీ పేరాకీ మధ్య ఎంత ఖాళీ, మెనూ పైన ఉండాలా పక్కన ఉండాలా, బొమ్మ ఎంత వెడల్పు. ఈ సంగతులు రాసే భాష పేరు సీఎస్ఎస్.

వండిన పప్పు ఒకటే. పెళ్లిలో విస్తట్లో వడ్డిస్తారు, ఆఫీసుకైతే క్యారేజీలో సర్దుతారు. గిన్నె మారిందని పప్పు మళ్లీ పొయ్యి మీద పెట్టరు కదా. హెచ్‌టీఎంఎల్ వంట, సీఎస్ఎస్ వడ్డన. ఈ రెండింటినీ వేరు చేయడం వల్లే కింద చెప్పే లాభాలన్నీ వస్తాయి.

రంగు, సైజు హెచ్‌టీఎంఎల్‌లోనే పెట్టుకోవచ్చుగా? వేరే ఫైలు ఎందుకు?

పెట్టుకోవచ్చు. ఒక్క పేజీ సైటైతే తేడా కూడా తెలియదు. పేజీలు పెరిగాక తెలుస్తుంది.

నేను మొదట్లో ఒక కథల సైటు చూసుకునేవాణ్ని. 140 పేజీలుండేవి. ప్రతి పేజీలో, ప్రతి శీర్షిక చుట్టూ ఫాంట్ ట్యాగ్, దానిలో రంగు, సైజు. ఒకరోజు సంపాదకుడుగారు "ఆ ఎరుపు కళ్లకు గుచ్చుకుంటోందయ్యా, కాస్త ముదురు చేయి" అన్నారు. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక్క గంట పని అనుకున్నాను. కొన్ని పేజీల్లో రంగు పేరుతో ఉంది, కొన్నింట్లో అంకెలతో ఉంది, కొన్నింట్లో పెద్దక్షరాలు, కొన్నింట్లో చిన్నక్షరాలు. అదే ఎరుపు ఒక హెచ్చరిక పెట్టెలో కూడా ఉంది, అదీ మారిపోయింది. గంట అనుకున్న పనికి రెండు రాత్రులు పట్టింది. ఆ తర్వాత కూడా పాఠకులు "ఫలానా పేజీలో ఇంకా పాత రంగే ఉంది" అని ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు.

అదే స్టైల్ షీట్ ఉంటే శీర్షికల రంగు రాసిన వరుస ఒక్కటే ఉంటుంది. దాన్ని మార్చి సేవ్ చేస్తే 140 పేజీలూ మారతాయి. ఇప్పుడు సీఎస్ఎస్‌లో వేరియబుల్స్ కూడా వచ్చాయి కాబట్టి సైటు ముఖ్య రంగుకు ఒక పేరు పెట్టుకుని, ఆ పేరునే అంతటా వాడొచ్చు. ఉగాదికి నాలుగు రోజులు సైటంతా మామిడాకు పచ్చలోకి మార్చాలన్నా, పండగయ్యాక వెనక్కి తేవాలన్నా ఒక్క వరుస మారిస్తే చాలు.

టేబుళ్లతో చేసిన మా పాత సైటు బాగానే నడుస్తోంది. ఎందుకు కదిలించడం?

బాగానే అంటే ఎక్కడ చూసినప్పుడు? కంప్యూటర్ మీదా, ఫోన్ మీదా?

టేబుల్ పుట్టింది పట్టికల కోసం. రైళ్ల వేళలు, మార్కుల జాబితా, ధరల పట్టీ లాంటివి. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌లోకి టేబుళ్లు వచ్చాక, వాటితో పేజీని అరలు అరలుగా కొయ్యొచ్చని డిజైనర్లు కనిపెట్టారు. ఎడమ అరలో మెనూ, మధ్య అరలో విషయం, కుడి అరలో ప్రకటనలు. ఖాళీ కావాల్సినచోట కంటికి కనబడని ఒక్క పిక్సెల్ జిఫ్ బొమ్మను పెట్టి, దాన్ని కావాల్సినంత సాగదీసేవారు. టేబుల్లో టేబుల్, దానిలో ఇంకో టేబుల్. అప్పట్లో వేరే దారి లేదు కాబట్టి వాళ్లను తప్పుపట్టను. నేనూ అదే చేశాను.

ఇబ్బందల్లా ఆ అరలు గట్టి గోడల్లా ఉండటమే. 800 పిక్సెళ్ల తెర కోసం కట్టిన మూడు అరల పేజీని ఫోన్లో తెరిస్తే మూడూ పక్కపక్కనే ఇరుక్కుంటాయి. అక్షరాలు చీమల్లా కనబడతాయి. చదివేవాళ్లు రెండు వేళ్లతో పెద్దది చేసి, పక్కకు జరిపి, మళ్లీ వెనక్కి జరిపి, చివరకు విసుగొచ్చి మూసేస్తారు. స్టైల్ షీట్‌తో కట్టిన పేజీలో అయితే తెర చిన్నదైనప్పుడు మెనూ పైకి, విషయం మధ్యలోకి, ప్రకటనలు కిందికి దిగాలని చెప్పొచ్చు. విషయం ఉన్న హెచ్‌టీఎంఎల్‌ను ముట్టుకోనక్కర్లేదు.

2002లో వైర్డ్ న్యూస్ అనే అమెరికా వార్తల సైటు టేబుళ్ల నుంచి సీఎస్ఎస్ అమరికకు మారింది. ఆ పని నడిపింది డగ్లస్ బౌమన్. అంత పెద్ద సైటు మారాక, "ఇది ప్రయోగాలు చేసుకునేవాళ్లకే, అసలు సైట్లకు పనికిరాదు" అనే మాట నిలవలేదు. మరుసటి ఏడాది ఈఎస్‌పీఎన్ కూడా అదే దారి పట్టింది.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

హోకన్ వియుమ్ లీ అనే నార్వే ఆయన. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1994 అక్టోబర్ 10న మొదటి ప్రతిపాదన పెట్టారు. తర్వాత నెదర్లాండ్స్‌కు చెందిన బెర్ట్ బాస్ ఆయనతో కలిశారు. 1996 డిసెంబర్ 17న వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ సీఎస్ఎస్ మొదటి మెట్టును ప్రమాణంగా ప్రకటించింది. రెండోది 1998 మేలో వచ్చింది.

1996లోనే వస్తే ఇంకా అన్నేళ్లు టేబుళ్లతో ఎందుకు అవస్థపడ్డారు?

బ్రౌజర్ల వల్ల. ప్రమాణం కాగితం మీద ఉంటే సరిపోదు, దాన్ని బ్రౌజర్ పాటించాలి. నెట్‌స్కేప్ 4లో సీఎస్ఎస్ ఉందంటే ఉంది, లేదంటే లేదు. విండోస్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 అయితే పెట్టె వెడల్పునే వేరేగా లెక్క కట్టేది. ప్రమాణం ప్రకారం వెడల్పు అంటే లోపలి విషయానిది మాత్రమే, లోపలి ఖాళీ, అంచు గీత అదనం. ఆ బ్రౌజర్ అన్నీ కలిపి వెడల్పు అనేది. ఒక బ్రౌజర్‌లో సరిగ్గా కూర్చున్న పేజీ ఇంకోదాంట్లో పక్కకు ఒరిగేది.

తమాషా ఏమిటంటే, ఇప్పుడు మనలో చాలామంది స్టైల్ షీట్ మొదట్లోనే బాక్స్-సైజింగ్ అనే ఆదేశంతో "అన్నీ కలిపే లెక్క కట్టు" అని రాస్తున్నాం. ఆ రోజుల్లో అందరూ తిట్టిన లెక్కే! మనిషికి నిజానికి అదే సులువు.

1998లో మొదలైన వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ వాళ్లు బ్రౌజర్ కంపెనీల వెంటపడి ప్రమాణాలు పాటించమని పోరాడారు. 2003లో డేవ్ షీ అనే కెనడా డిజైనర్ సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే పేజీ పెట్టి, హెచ్‌టీఎంఎల్ ఇదే, ఒక్క అక్షరం మార్చకుండా మీ స్టైల్ షీట్ మాత్రం రాసి పంపండి అన్నాడు. ఒకరు దాన్ని తోటలా చేశారు, ఒకరు సినిమా పోస్టర్‌లా చేశారు. లింకు నొక్కితే అదే విషయం పూర్తిగా కొత్త వేషంలో ప్రత్యక్షమయ్యేది. వంట వేరు, వడ్డన వేరు అన్న మాట నాకు నిజంగా అర్థమైంది అది చూశాకే.

ఫోన్‌కు వేరే సైటు చేయించాలా?

అక్కర్లేదు. రెండు సైట్లు పెట్టుకుంటే రెండింటినీ పోషించాలి. ఒకదాంట్లో ధర మార్చి రెండోదాంట్లో మరిచిపోతారు, కొనేవాళ్లతో గొడవ.

ఒకే సైటు అన్ని తెరలకూ సర్దుకునేలా చేసే పనికి 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ రెస్పాన్సివ్ అని పేరు పెట్టారు. కొలతలు పిక్సెళ్లలో కాకుండా శాతాల్లో ఇవ్వడం, బొమ్మలు తమ పెట్టెను దాటకుండా చూడడం, తెర వెడల్పును బట్టి వేరే నియమాలు రాయడం. చివరిదాన్ని మీడియా క్వెరీ అంటారు. ఒకే పేజీ, ఒకే చిరునామా, తెరను బట్టి సర్దుబాటు. హెచ్‌టీఎంఎల్ తలభాగంలో వ్యూపోర్ట్ ట్యాగ్ పెట్టడం మరవకండి. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ మీ పేజీని పెద్ద తెర పేజీ అనుకుని కుదించి చూపిస్తుంది, మీరు రాసిన మీడియా క్వెరీలన్నీ వృథా అవుతాయి. "అన్నీ చేశాను, ఫోన్లో ఏమీ మారలేదు" అని నాకు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది మరిచిపోయేది ఇదే.

సైటు వేగం పెరుగుతుందా?

సాధారణంగా పెరుగుతుంది. అలంకారమంతా ప్రతి పేజీలో ఉంటే పాఠకుడు ప్రతి పేజీతో పాటు దాన్నీ మళ్లీ మళ్లీ దించుకోవాలి. ఉదాహరణకు పేజీకి 20 కిలోబైట్ల అలంకారం అనుకుందాం. పది పేజీలు చదివితే 200. అదే 20 కిలోబైట్లు విడి స్టైల్ షీట్‌లో ఉంటే బ్రౌజర్ ఒకసారి దించుకుని దాచుకుంటుంది, మిగతా తొమ్మిది పేజీలకూ దాన్నే వాడుతుంది.

మనకు ఇంకో లెక్క కూడా ఉంది. అక్షరాలను ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. అంటే 18 బైట్లు. సర్వర్ కుదించి పంపితే బరువు బాగా తగ్గుతుంది కానీ, పుట్టుకతోనే కాస్త బరువున్న పేజీ మీద అలంకారం మూట కూడా ఎందుకు?

ఒక హెచ్చరిక. తలభాగంలో ఇచ్చిన స్టైల్ షీట్ వచ్చేవరకు బ్రౌజర్ పేజీని తెర మీద వేయదు. కాబట్టి ఎక్కడెక్కడివో తెచ్చి అతికించిన పెద్ద ఫైలు పెడితే వేగం తగ్గుతుంది.

తెలుగు సైటుకు ప్రత్యేకంగా ఒరిగేదేమిటి?

ఈ ప్రశ్న ఎవరూ సరిగ్గా అడగరు. నేనే రాసుకున్నాను, ఎందుకంటే నా దృష్టిలో ఇంగ్లీషు సైటుకన్నా తెలుగు సైటుకే స్టైల్ షీట్ ఎక్కువ అవసరం.

మనకు దొరికే థీమ్‌లు, ఫ్రేమ్‌వర్క్‌లు ఇంగ్లీషు అక్షరాలను చూసి కుట్టిన చొక్కాలు. ఇంగ్లీషు అక్షరం ఒక వరుసలో బుద్ధిగా కూర్చుంటుంది. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. "రాష్ట్రం" చూడండి: ష కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు. బూట్‌స్ట్రాప్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో శీర్షికలకు లైన్-హైట్, అంటే అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో, 1.2 అని ముందే పెట్టి ఉంటుంది. ఇంగ్లీషుకు బాగుంటుంది. తెలుగు శీర్షిక రెండు వరుసలైతే మాత్రం పై వరుస వత్తులు వచ్చి కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. పెట్టె దాటిన భాగాన్ని (ఓవర్‌ఫ్లో) దాచమని ఉంటే వత్తులు సగానికి తెగిపోతాయి. నేను తెలుగు పేరాలకు 1.7 నుంచి 1.8 వరకు, శీర్షికలకు 1.4 నుంచి 1.5 వరకు ఇస్తాను. ఫాంట్‌ను బట్టి కాస్త అటూ ఇటూ.

వాలు అక్షరాల సంగతి ఇంకోటి. ఇంగ్లీషులో ఇటాలిక్స్‌కు అక్షరాలను విడిగా గీస్తారు. తెలుగు ఫాంట్లలో సాధారణంగా అవి ఉండవు. బ్రౌజర్ ఏం చేస్తుందంటే మామూలు అక్షరాన్నే పట్టుకుని పక్కకు వంచుతుంది. తలకట్లు, వత్తులు అన్నీ ఒకవైపు పడిపోతాయి, గాలివానకు వాలిన వరిచేనులా. తెలుగుకు ఫాంట్-స్టైల్ నార్మల్ అని చెప్పి, నొక్కి చెప్పాల్సిన మాటకు బొద్దు అక్షరమో రంగో ఇవ్వండి. లెటర్-స్పేసింగ్ కూడా తెలుగుకు సున్నానే. ఇంగ్లీషు శీర్షికల్లో అక్షరాల మధ్య ఎడం ఇస్తే హుందాగా ఉంటుంది, తెలుగులో మాట పగిలిపోయినట్టు కనబడుతుంది.

పేరాను రెండువైపులా సమంగా సర్దడం ఫోన్లో వద్దు. మన మాటలు పొడుగు. "వెళ్లిపోవాల్సివస్తుందేమోనని" లాంటిది ఒక్కటి వచ్చిందంటే పై వరుసలో మాటల మధ్య ఎడ్లబండి పట్టేంత ఖాళీ వస్తుంది. ఎడమవైపు సర్ది వదిలేయండి. ఇరుకు పెట్టెల్లో పొడుగు మాట బయటికి పొడుచుకు రాకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్ వాడండి. వర్డ్-బ్రేక్‌లో బ్రేక్-ఆల్ మాత్రం వద్దు, మాటలను ఎక్కడ పడితే అక్కడ నరికేస్తుంది.

ఈ నియమాలన్నీ ఒక్కచోట రాసి "ఇవి తెలుగు భాగాలకు మాత్రమే" అని చెప్పడానికి లాంగ్ అనే సెలెక్టర్ ఉంది (నియమం దేనికి వర్తించాలో చెప్పేదే సెలెక్టర్). హెచ్‌టీఎంఎల్‌లో తెలుగు భాగానికి భాష తెలుగు అని గుర్తు పెడితే చాలు. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉన్న సైట్లకు, ముఖ్యంగా అమెరికాలో పిల్లలకు తెలుగు నేర్పేవాళ్ల పేజీలకు ఇది బాగా పనికొస్తుంది. ఇవన్నీ ప్రతి పేజీలో చేత్తో పెట్టాలంటే నాలాంటివాడి వల్ల కాదు.

ఏ తెలుగు ఫాంట్ పెట్టాలి?

విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన తెలుగు ఫాంట్ గౌతమి ఒక్కటే. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, గురజాడ, పెద్దన, ధూర్జటి లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. చదివే పేరాకు నోటో, మండలి లాంటి సాదా ఫాంట్, శీర్షికకు కాస్త సోకుగా ఉండేది, అంతే. పేరా కూడా సోకు ఫాంట్‌లో పెడితే పెళ్లి శుభలేఖలో నవల చదివినట్టుంటుంది.

ఒకే సైజు ఇచ్చినా ఒక ఫాంట్ పెద్దగా, ఇంకోటి చిన్నగా కనబడుతుంది. ఫాంట్‌ను పరిచయం చేసే ఫాంట్-ఫేస్ నియమంలో సైజ్-అడ్జస్ట్ అని ఉంది, దాంతో తెలుగు, ఇంగ్లీషు అక్షరాలను తూకంలోకి తేవచ్చు. అదే నియమంలో యూనికోడ్-రేంజ్ ఇస్తే తెలుగు అక్షరాలున్న పేజీల్లోనే ఆ ఫాంట్ దిగుతుంది. ఫాంట్-డిస్‌ప్లేకు స్వాప్ అని ఇస్తే ఫాంట్ వచ్చేలోపు ఫోన్లో ఉన్న తెలుగు అక్షరాల్లో విషయం కనబడుతుంది. నెట్ నెమ్మదిగా ఉన్న ఊళ్లో చదివేవాడు తెల్ల తెర చూస్తూ కూర్చోడు.

మా పాత సైటు యూనికోడ్ కాదు. స్టైల్ షీట్ మారిస్తే యూనికోడ్ అవుతుందా?

అవదు. యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే పద్ధతి. అది వాడని ఆ రోజుల్లో ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంట్ ఉండేది. ఫైల్లో ఉన్నది ఇంగ్లీషు గుర్తులే, ఫాంట్ వాటికి తెలుగు ముసుగు వేసేది. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి. ఇక్కడ సమస్య వడ్డనలో లేదు, వంటలోనే ఉంది. విషయాన్ని మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో యూనికోడ్ చేసి, మనిషి కూర్చుని ప్రూఫు చూడాల్సిందే. స్టైల్ షీట్ పని ఆ తర్వాత.

కళ్లు కనబడనివాళ్లకు సీఎస్ఎస్‌తో ఏం సంబంధం?

చాలా ఉంది. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పేజీని పైనుంచి కిందికి, హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న వరుసలో చదువుతుంది. టేబుల్ అరలతో కట్టిన పేజీలో అసలు వార్త రావడానికి ముందు మెనూ, ప్రకటన, వాతావరణం, క్రికెట్ స్కోరు అన్నీ వినాలి. పైగా అది నిజం పట్టికే అనుకుంటే ఇన్ని వరుసలు, ఇన్ని నిలువు గళ్లు అని కూడా చదవొచ్చు. అలంకారం స్టైల్ షీట్‌లోకి పోతే హెచ్‌టీఎంఎల్‌లో శీర్షిక శీర్షికగానే ఉంటుంది, చదివేవారు శీర్షిక నుంచి శీర్షికకు దూకగలరు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ తెలుగు కూడా చదువుతుంది. భాష గుర్తు పెట్టమన్నది అందుకు కూడా.

దివ్యాంగులకు కూడా సైట్లు అందేలా 1999లో వచ్చిన డబ్ల్యూసీఏజీ మొదటి మార్గదర్శకాలే అమరికకు స్టైల్ షీట్లు వాడమన్నాయి. మన దేశంలో ప్రభుత్వ సైట్లకు 2009లో మార్గదర్శకాలు వచ్చాయి, 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, అరవై దాటిన మా నాన్నగారు ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతారు. అక్షరాల సైజు పిక్సెళ్లలో బిగించకుండా రెమ్ అనే కొలతలో ఇస్తే, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో పెట్టుకున్న సైజుకు సైటు కూడా లొంగుతుంది.

ప్రింటు తీస్తే మెనూలు, ప్రకటనలు కూడా వస్తున్నాయి. ఏం చేయాలి?

ప్రింటుకు విడిగా నియమాలు రాయండి. మీడియా ప్రింట్ అని మొదలుపెట్టి మెనూ, పక్క పెట్టెలు, బటన్లు దాచేయండి, నేపథ్యం తెలుపు, అక్షరం నలుపు చేయండి, బొమ్మ రెండు కాగితాల మధ్య తెగకుండా చూడండి. ఒక పూజల సైటుకు ఇది చేసిచ్చాను. అంతకుముందు సత్యనారాయణ వ్రత విధానం ప్రింటు తీస్తే తొమ్మిది కాగితాలు వచ్చేవి, అందులో రెండింటి మీద షాంపూ ప్రకటనలు. ఇప్పుడు నాలుగు.

గూగుల్‌లో పైకి వస్తామా?

స్టైల్ షీట్ వాడినందుకే ఎవరూ పైకి తీసుకెళ్లరు. ఫోన్లో బాగా కనబడటం, త్వరగా తెరుచుకోవడం లాంటివాటి వల్ల మేలు ఉండొచ్చు. మీ సీఎస్ఎస్ ఫైళ్లను, సెర్చ్ ఇంజిన్లు ఏవి చూడొచ్చో చెప్పే రోబోట్స్ ఫైలులో అడ్డుకోకండి. వాటిని చూడనివ్వమని గూగుల్ 2014లోనే చెప్పింది.

ఫ్లోట్, ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ అంటున్నారు. ఏది నేర్చుకోవాలి?

ఫ్లోట్ నిజానికి బొమ్మ పక్కన అక్షరాలు పారడానికి. దాంతోనే మొత్తం పేజీలు కట్టాం, టేబుల్‌తో చేసిన తప్పే మళ్లీ చేశాం. ఇప్పుడు ఒకే వరుసలో వస్తువులు సర్దడానికి ఫ్లెక్స్‌బాక్స్, అడ్డంగా నిలువుగా రెండువైపులా సర్దడానికి గ్రిడ్. గ్రిడ్ 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లో ఒకే నెలలో వచ్చింది. టేబుల్‌తో కావాలనుకున్నదంతా గ్రిడ్ ఇస్తుంది, తెరను బట్టి అరలు మార్చుకునే వీలుతో సహా. మెనూకు ఫ్లెక్స్, పేజీకి గ్రిడ్. ముందు ఈ రెండూ చాలు.

టేబుల్ ఇక అస్సలు వాడకూడదా?

ఎందుకు వాడకూడదు? పచ్చళ్ల ధరల పట్టీకి టేబులే సరైనది. అక్కడ స్టైల్ షీట్‌తో దాన్ని దిద్దండి, అంతే. ఈమెయిల్ న్యూస్‌లెటర్లు ఇంకో సంగతి. విండోస్‌లో అవుట్‌లుక్ 2007 నుంచి చాలాకాలం మెయిళ్లను మైక్రోసాఫ్ట్ వర్డ్ ఇంజిన్‌తో చూపిస్తూ వచ్చింది, దానికి సీఎస్ఎస్ సగమే అర్థమవుతుంది. అందుకే మెయిళ్లు తయారుచేసేవాళ్లు ఇంకా టేబుళ్లతోనే కాలక్షేపం చేస్తున్నారు.

వర్డ్‌ప్రెస్ వాడుతున్నాం. ఇవన్నీ మాకెందుకు?

మీ థీమ్‌లో స్టైల్ షీట్ ఇప్పటికే ఉంది, కాకపోతే అది ఇంగ్లీషు కొలతలతో ఉంది. కస్టమైజ్‌లో (కొత్త బ్లాక్ థీమ్ అయితే సైట్ ఎడిటర్‌లోని స్టైల్స్‌లో) ఎడిషనల్ సీఎస్ఎస్ అనే చోట పైన చెప్పిన తెలుగు నియమాలు నాలుగైదు వరుసలు రాసుకోండి. థీమ్ ఫైళ్లలోకి వెళ్లి నేరుగా మార్చకండి, థీమ్ అప్‌డేట్ అయిన రోజు మీ మార్పులన్నీ కొట్టుకుపోతాయి.

స్టైల్ మార్చాను, సైటులో ఏమీ మారలేదు. టెన్షన్‌గా ఉంది.

మొదట బ్రౌజర్ పాత ఫైలు దాచుకుందేమో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కండి. పాఠకులందరినీ అలా నొక్కమనలేం కాబట్టి, మార్చినప్పుడల్లా స్టైల్ షీట్ లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి ఒక అంకె పెంచుకుంటూ వెళ్లండి, బ్రౌజర్ కొత్త ఫైలు అనుకుంటుంది. అదీ కాకపోతే మీ నియమాన్ని ఇంకో బలమైన నియమం కొట్టేస్తోందన్నమాట. పేజీ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కితే ఏది గెలిచిందో, ఏది ఓడిపోయిందో గీత కొట్టి మరీ చూపిస్తుంది. కోపంలో ప్రతిదానికీ, మిగతా నియమాలను తోసేసి గెలిపించే ఇంపార్టెంట్ అనే గుర్తు తగిలించకండి. ఊళ్లో అందరూ వీఐపీలైతే క్యూ ఎవరు కడతారు?

నష్టాలేమీ లేవా?

ఉన్నాయి. ఒక్క వరుస మారిస్తే 140 పేజీలు బాగుపడినట్టే, ఒక్క వరుస తప్పైతే 140 పేజీలూ పాడవుతాయి. ఒకసారి చివరి బ్రాకెట్ మరిచిపోయి రాత్రంతా ఒక సైటును మెనూ లేకుండా వదిలేశాను. మార్చే ముందు పాత ఫైలు కాపీ పెట్టుకోండి. రెండోది, ఏళ్లు గడిచేకొద్దీ స్టైల్ షీట్ అటకలా తయారవుతుంది, ఏ నియమం ఎవరికి పనికొస్తుందో తెలియదు, తీసేయడానికి భయం. నియమాల పైన ఇది ఎందుకు రాశానని తెలుగులోనే ఒక కామెంట్ రాసుకోండి.

సరే, మా టేబుళ్ల సైటును ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఒక్క పేజీతో. ఎక్కువమంది చదివేది తీసుకుని, అలంకారం మొత్తం తీసేసి, శీర్షికలు, పేరాలు, జాబితాలు మాత్రం ఉంచండి. స్టైల్ షీట్ లేకుండా ఆ పేజీ పైనుంచి కిందికి చదివితే అర్థమవ్వాలి. అర్థమైతే వంట సరిగ్గా ఉన్నట్టే. తర్వాత ఫోన్ తెరకు రాయండి, ఆ తర్వాతే పెద్ద తెరకు. అది కుదిరాక మిగతా పేజీలు వారానికి నాలుగు చొప్పున మార్చుకుంటూ పోవచ్చు. పేజీల చిరునామాలు మాత్రం మార్చకండి, జనం దాచుకున్న లింకులు తెగిపోతాయి.

మార్చాక పాత బొమ్మలు, ఫైళ్లు తీసేయొచ్చా?

మొత్తం కాపీ ఒకటి పక్కన పెట్టి, నెల రోజులు చూసి తీసేయండి. ఖాళీ కోసం పెట్టిన ఆ ఒక్క పిక్సెల్ జిఫ్‌లు ముందుగా. నా కథల సైటులో అన్నీ తీసేశాననుకున్నాను. మొన్న సర్వర్ లాగ్ (ఏ ఫైలు ఎప్పుడు దిగిందో రాసే చిట్టా) చూస్తే ఎవరో ఒక పాఠకుడి కోసం ఇంకా ఒకటి దిగుతోంది. ఏ పేజీలో ఉందో వెతకాలి.